నాలుగువందల యాభై చాలన్నాను

మా ఇంట్లో లెక్క తప్పితే అది నా వల్ల కాదన్న నమ్మకం ఒకటి పాతికేళ్లుగా ఉండేది. దాన్ని కట్టిందీ నేనే, కాపలా కాసిందీ నేనే. నేను బీయస్సీ ఫిజిక్స్ చదివాను. భిలాయి సెక్టర్ సిక్స్‌లో మా క్వార్టర్ ముందుగదిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలూ సైన్సూ చెబుతాను. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి మా ఆయన స్టీలు ప్లాంటు స్నేహితుల దాకా నాతో వాదనకి దిగి గెలిచినవాళ్లెవరూ నాకు గుర్తు లేరు. గుర్తు లేకపోవడానికి వేరే కారణం ఉందని మా ఆయన అంటారు. అననివ్వండి.

ఆ నమ్మకం కిందటి మే నెలలో కూలింది. కూల్చింది ఇటుకరాయికంటే కాస్త పెద్దదైన ఒక ఇనప డబ్బా.

మా అమ్మాయికి ఇరవై మూడేళ్లు. దుర్గ్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. సాయంత్రాలు కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుతుంది. ఒంటరిగా కాదు, ఐదుగురు ఆడపిల్లల జట్టు. ఒకమ్మాయిది నాగపూర్, ఒకమ్మాయిది జబల్‌పూర్, ఇద్దరిది రాయపూర్. ఒకరి మొహం ఒకరు నేరుగా చూసుకున్నది రెండుసార్లేనట, కానీ చెవిలో మైకు పెట్టుకుని మాట్లాడుకుంటుంటే ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లలా ఉంటారు. అవతలి జట్టు దాక్కున్న గదిలోకి ముందుగా దూరే పని మా అమ్మాయిది. తలుపు తన్నుకుని లోపలికి పోవాలి, తక్కినవాళ్లు వెనక రావాలి. ఆ పని దానికిచ్చారని వినగానే నాకు అర్థమైంది, వాళ్లకి మనుషుల్ని ఎంచడం తెలుసని.

అప్పటిదాకా అది సుపేలాలో గంటకింతని తీసుకునే పార్లర్‌లో ఆడేది. మే నెలలో అమ్మాయిల జట్లకి ఒక పోటీ ఉంది, మొదటి మ్యాచ్ ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి. పార్లర్ గోలలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి ఎవరింట్లో వాళ్లకి సొంత మిషను ఉండాలని జట్టులో అనుకున్నారు. అమ్మాయి జీతంలో దాచుకుంది. విడిభాగాలు కొని తనే బిగించుకుంటానంది.

నెల్లాళ్లు వద్దని వాదించాను. అది మానలేదు. మానదని తేలాక, చేసేదేదో సరిగ్గా చెయ్యాలి కాబట్టి నేను చూసుకుంటానన్నాను. ఎవరూ నన్ను అడగలేదు.

భోజనాల బల్ల దగ్గర జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాం. అన్నీ కుదిరాయి, ఒక్క డబ్బా దగ్గర ఆగింది. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలు తినగలిగేలా మార్చి వడ్డించే డబ్బా అది. అమ్మాయి పవర్ సప్లై అంటుంది, దుకాణంలో ఎస్‌ఎంపీఎస్ అంటారు, మా ఇంట్లో డబ్బా అన్న పేరే నిలిచింది. దాని మీద ఒక అంకె ఉంటుంది, ఎన్ని వాట్లు ఇవ్వగలదో చెప్పే అంకె. గొడవంతా ఆ అంకె గురించే.

"ఏడువందల యాభై కావాలి మమ్మీ. సబ్ యహీ బోల్తే హై."

"సబ్ అంటే ఎవరు?"

"ఇంటర్నెట్‌లో అందరూ."

"ఇంటర్నెట్ నా ట్యూషన్‌కి రాలేదు. లెక్క చూపించు. తెలుగులో."

మంచం మీంచి మా అత్తగారు తల ఎత్తారు. ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం నుంచి కొత్తకోడలిగా వచ్చి క్యాంప్ వన్‌లో కాపురం పెట్టిన మనిషి. ఆవిడకి వాట్లంటే మట్టిపలకలో ఎర్రగా మండే కాయిల్ హీటరే.

"ఏడొందల యాబయ్యేటే? ఇస్త్రీపెట్టి పొద్దల్లా ఎలిగించి పెట్టినట్టు కాదేటి? గుంట ఆడుకుంతాదా, వొంట సేసుకుంతాదా?"

"అది కాదత్తా. ఆ అంకె అది ఇవ్వగలిగినంత. ఎప్పుడూ అంత లాగెయ్యదు. లోపలివాళ్లు ఎంత అడిగితే అంతే గోడలోంచి తీసుకుంటుంది" అని చెప్పాను. ఆ మాట నిజమే. ఆ ఒక్క నిజం నాకు తెలుసు కాబట్టి అన్నీ తెలుసనుకున్నాను.

కాగితం తీసుకుని లెక్క వేశాను. ప్రాసెసర్ అట్టపెట్టె మీద అరవై ఐదు వాట్లని ఉంది. గ్రాఫిక్స్ కార్డుకి రెండువందల ఇరవై. ఫ్యాన్లు, డిస్కులు, దీపాలు అన్నీ కలిపి ఉదారంగా యాభై. మొత్తం మూడువందల ముప్పై ఐదు. నాలుగువందల యాభై తీసుకుంటే నూట పదిహేను మిగులు. "పది మందికి వండడానికి పెళ్లి గుండిగ ఎందుకే?" అన్నాను.

"మమ్మీ, వో స్పైక్ ఆతా హై నా... అంటే... ఎలా చెప్పాలి, ఒక్కసారి ఇలా పైకి..." చెయ్యి గాల్లోకి లేపి దించింది.

"చేతులు కాదు. మాటలు."

మాటలు రాలేదు. ఒక విషయం ఇక్కడ ఒప్పుకోవాలి. ఈ ఇంట్లో వాదన తెలుగులోనే జరగాలన్నది అది బడికి వెళ్లే రోజుల్నుంచి నేను పెట్టిన నియమం. ఇక్కడ పుట్టిన పిల్ల, హిందీలో చదువుకుంది, వీధిలో హిందీ, స్నేహితులతో హిందీ. నేనా కంచె వెయ్యకపోతే దానికి తెలుగు దక్కేది కాదు. ఇప్పటికీ ఆ నియమం మంచిదే అంటాను. కాకపోతే ఆ కంచె లోపల ఎవరు గెలుస్తారో నాకు మొదట్నుంచీ తెలుసు. ఇదే ఊళ్లో ఖుర్సీపార్‌లో తెలుగిళ్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలుగు నోటినిండా ఉంది. దానికి అన్నం పప్పు అడగడానికి సరిపోయేంత ఉంది. అలాంటి పిల్లని వాట్ల గురించి తెలుగులో వాదించమన్నాను.

మా ఆయన ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ముప్పై ఏళ్లకి పైగా మోటార్లతో, బ్రేకర్లతో బతుకుతున్న మనిషి. ఆయన నా కాగితం ఒకసారి చూశారు.

"ఇది మోటారు లెక్కలో తియ్యాలోయ్. హీటరు లెక్కలో తీసేవు. వెయ్యి పెట్టేద్దాం."

"ఇందులో మోటారెక్కడుంది? ఫ్యానా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయారు. దాన్ని నేను నా గెలుపు కింద రాసుకున్నాను.

దుకాణంలోనూ అదే కథ. దుకాణదారు సాధువైన మనిషి. "దీదీ, సాడే సాత్ సౌ వాలా లే లీజియే" అని అమ్మాయి అడిగిన అంకెనే చెప్పాడు. నేను అతనికి కౌంటరు దగ్గర ఓపిగ్గా పాఠం చెప్పాను. పక్కన కొనడానికొచ్చినవాళ్లు కూడా విన్నారు. అతను నవ్వి, "జైసీ ఆప్‌కీ మర్జీ" అంటూ నాలుగువందల యాభై డబ్బా తీసి పెట్టాడు. నా ఇష్టప్రకారమే జరిగింది.

బిగించే రోజు మా ఆయన అలమారలోంచి ఒక పాత అట్టముక్క తీశారు. దాని మీద ఎర్ర అక్షరాలతో హిందీలో, జాగ్రత్త, మనుషులు పని చేస్తున్నారు, స్విచ్ వెయ్యకండి అని ఉంది. ప్లాంటులో ఎవరైనా యంత్రం మీద చెయ్యి వేసే ముందు కరెంటు ఆపి, స్విచ్‌కి ఈ అట్ట కట్టాలి. కట్టిన మనిషే విప్పాలి, వేరెవరూ ముట్టకూడదు. ఆ అట్టని గోడమీద స్విచ్‌కి పురికొసతో కట్టి, "ఇప్పుడు చెయ్యి పెట్టమ్మా" అన్నారు. అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కొక్కటీ బిగించింది. ఆయన పక్కన కూర్చుని స్క్రూలు అందించారు. మూడు గంటల సేపు వాళ్లిద్దరి మధ్యా పది మాటలు నడిచాయేమో. నేను గుమ్మంలో నిలబడి, మాట్లాడకుండా ఒక పని ఇంత బాగా ఎలా జరుగుతుందా అని చూశాను.

మిషను వెలిగింది. మొదటి రెండు రోజులు హాయిగా నడిచింది. "చూశావా?" అని దానితోనూ, "చూశారా?" అని ఆయనతోనూ విడివిడిగా అన్నాను.

మూడో రోజు సాయంత్రం ఏడింటికి జట్టంతా సాధన చేస్తున్నారు. అమ్మాయి గదిలోకి దూరింది, తెర మీద నాలుగైదు బాంబులు ఒకేసారి పేలాయి, ఠప్. తెర నల్లబడింది, ఫ్యాన్లు ఆగాయి, రంగు దీపాలు ఆరాయి. కాసేపాగి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచింది. రెండ్రోజుల తర్వాత అచ్చం అలాంటి చోటే మళ్లీ ఠప్.

ఆ సోమవారం నాగపూర్ అమ్మాయి ఫోను చేసింది. ఆ పిల్లే కెప్టెన్. లా చదువుతోందట, మాట తీరు కూడా అలాగే ఉంది. అమ్మాయి కూర తరుగుతోంది, ఫోను బల్ల మీద స్పీకర్లో పెట్టి మాట్లాడింది, అందుకే నాకూ వినబడింది. రెండుసార్లు ఆట మధ్యలో నువ్వు మాయమైపోయావు, మూడోసారి కూడా అయితే ఆదివారం నీ బదులు ఇంకో అమ్మాయిని ఆడిస్తాం, ఏమీ అనుకోకు, బురా మత్ మాన్‌నా. మా అమ్మాయి, "నహీ నహీ, ఠీక్ బాత్ హై" అని ఒప్పుకుంది. బెండకాయలు తరుగుతూనే ఉంది. చివరికి చూస్తే ఒకటి వేలంత, ఒకటి గోరంత. రెండేళ్లుగా ఆ జట్టుతో ఉంది. ఆదివారానికి ఆరు రోజులుంది.

"లైన్లో వోల్టేజీ ఉండట్లేదు" అన్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఈ ఊరిలో ఏది ఆగినా మేం ముందు లైను వైపే చూస్తాం. ప్లాంటు వాళ్లం, కరెంటు ఇంటిమనిషి లాంటిది మాకు, తప్పులన్నీ ఇంటిమనిషి మీదికే తోస్తాం. పైగా మే నెల. మా క్వార్టర్ల వరసలో ప్రతి కిటికీకీ కూలర్ హోరెత్తుతోంది. సాక్ష్యం నా వైపే ఉంది. అందుకని అమ్మాయి ఆడే గంటన్నరా ఇంట్లో కూలర్ బంద్, ఫ్రిజ్ బంద్, మిక్సీ ముట్టకూడదు అని ఉత్తర్వు వేశాను.

భిలాయి మే నెలలో సాయంత్రం ఏడైనా గోడలు పొయ్యిలా ఉంటాయి. మొదటి రోజే మా అత్తగారు మెల్లగా లేచి వచ్చి కూలర్ స్విచ్ వేశారు. నేను పరుగున వెళ్లి ఆపాను. ఆవిడ మళ్లీ వేశారు.

"ఏటే కోడలా, నన్ను ఉడకెట్టేత్తన్నావేటే? బియ్యం గింజనేటి నాను?"

"గంటన్నర ఓర్చుకోండత్తా. దాని ఆట పోతుంది."

"దాని ఆటకి నా ఊపిరి అడ్డమొచ్చినాదా? ఓలమ్మ! క్యాంపులో రేకుల ఇంట్లో పిల్లల్ని కన్నాను గానీ ఇలగెప్పుడూ మాడిపోనేదు."

మా ఆయన అట్టముక్క తెచ్చి కూలర్ స్విచ్‌కి కట్టేశారు. మా మామగారు కూడా ప్లాంటు మనిషే. ఆ అట్ట కనబడితే చెయ్యి పెట్టకూడదని ఆవిడకి నరనరాల్లో ఉంది. అట్టని ఒకసారి, కొడుకుని ఒకసారి చూసి, "నీ పెళ్లానికి బయపడి నాకు అట్ట కడతావురా" అని విసనకర్ర తీసుకుని గడపలో కూర్చున్నారు.

సాధన జరిగింది. మిషను ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. వోల్టేజీయే అని నేను మరీ గట్టిపడ్డాను.

మూడో రోజు బుధవారం, చెమట తుడుచుకుంటూ దాని గది గుమ్మంలో నిలబడి చూశాను. ఆటలో నాకేమీ తెలియదు గానీ దాని గొంతు నాకు తెలుసు. ఎప్పుడూ ముందు వినబడే గొంతు ఆ రోజు వెనక ఉంది. అవతలివాళ్లున్న గదిలోకి వెళ్లకుండా గోడ చాటున నిలబడి ఉంది. పేలుళ్లన్నీ అయ్యాక మెల్లగా లోపలికి పోతోంది. నాగపూర్ అమ్మాయి గొంతు హెడ్‌ఫోనులోంచి నాకూ వినబడింది, "తూ ఛుప్ క్యోం రహీ హై యార్?" ఎందుకు దాక్కుంటున్నావని. ఎక్కువ పేలుళ్లున్న చోటికి వెళ్తే మిషను ఆగిపోతుందని మా అమ్మాయికి తెలిసిపోయింది. అందుకని వెళ్లడం మానేసింది. మూడు రోజులుగా మిషను ఆగకపోవడానికి కారణం నేను ఆపిన కూలర్ కాదు.

చిన్నప్పుడు స్విమ్మింగ్ పూల్లో అందరికంటే ముందు దూకి, ఈత తర్వాత నేర్చుకున్న పిల్ల ఇది. నా ఇంట్లో, నా లెక్క వల్ల, గోడ చాటున నిలబడింది.

వంటింట్లోకి వెళ్లాను. మా ఆయన మంచినీళ్లు తాగుతున్నారు. "లైను కాదేమోనండీ" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో రాస్తే మీరు నవ్వుతారు. ఆయన నవ్వలేదు. "రేపు మీటరు తెస్తాను. మీటరు చెప్తాది" అన్నారు.

గురువారం ఎవరినో అడిగి తెచ్చిన క్లాంప్ మీటరు బల్ల మీద పెట్టారు. తీగ చుట్టూ దవడలా పట్టుకుని ఎంత కరెంటు పోతోందో చూపించేది, ఎక్కువలో ఎక్కువ ఎంత పోయిందో పట్టి ఉంచేది. ఎక్స్‌టెన్షన్ వైరు పైతొడుగు కొంచెం ఒలిచి, లోపలి ఒక్క తీగకే దవడ తగిలించారు. పక్క సాకెట్లో వోల్టేజీ చూసే మీటరు పెట్టారు. కూలర్ స్విచ్‌కున్న అట్ట విప్పేసి కూలర్ వేశారు. ఫ్రిజ్ వేశారు.

"ఈ రోజు జట్టుతో వద్దమ్మా. ఒక్కర్తివే ఆడు, మిషనుతో. ఇది లెక్కలోకి రాదు. బయపడకుండా ఎల్లి దూరిపో. ఆగితే ఆగుతాది, నేను చూస్తాను."

అది తండ్రి మొహం ఒకసారి చూసి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుంది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. పాత గొంతు మళ్లీ వినబడింది, ఒంటరిగా ఆడుతున్నా అరుస్తుంది అది. తెర మీద అన్నీ ఒక్కసారి పేలాయి. ఠప్.

కూలర్ తిరుగుతూనే ఉంది. ట్యూబ్‌లైటు కనురెప్ప కూడా ఆర్పలేదు. వోల్టేజీ మీటరు ముందు రెండువందల ముప్పై ఒకటి చూపించింది, ఇప్పుడూ అదే చూపిస్తోంది. లైను నిరపరాధి.

మా ఆయన క్లాంప్ మీటరు నా వైపు తిప్పారు. నా లెక్క ప్రకారం ఒకటిన్నర ఆంపియర్లు ఉండాలి. ఆట ఆడుతున్నంతసేపూ దాదాపు అక్కడే ఉంది, నేను చూశాను కూడా. కానీ మీటరు పట్టి ఉంచిన అంకె రెండు దాటింది.

"ఇదేమిటండీ?"

"తన్నుడు. క్రేను ఉక్కు లేడిల్‌ని ఎత్తినప్పుడు అమ్మీటరు ముల్లు ముందు ఎగిరి తంతాది, తర్వాత కూకుంటాది. కూకున్న దగ్గర చూసి బ్రేకరు పెట్టేవనుకో, ఎత్తినప్పుడల్లా పడిపోతాది. హీటరు తన్నదు. నువ్వు హీటరు లెక్క తీసేవు."

కరిగిన ఉక్కు నిండిన లేడిల్ గాల్లో ఉండగా బ్రేకరు పడిపోతే ఏమవుతుందో భిలాయిలో చిన్నపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు. నేను ముల్లు కూర్చున్న దగ్గర అంకెలన్నీ కూడి, మిగులెంతో ఉందని మురిసిపోయాను.

"యహీ తో మై బోల్ రహీ థీ!" నేను చెప్పిందిదే అంటూ అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. "హిందీలోనే చెప్పు."

అది నా వైపు అనుమానంగా చూసింది. తర్వాత చెప్పింది. గ్రాఫిక్స్ కార్డు మీద రాసిన అంకె సగటు మాత్రమేనని, తెర మీద పని ఒక్కసారి పెరిగినప్పుడు రెప్పపాటులో వెయ్యోవంతు సేపు దాదాపు రెట్టింపు లాగుతుందని, ఆ తన్నుడు నాన్న మీటరుకి కూడా పూర్తిగా అందదని. ప్రాసెసర్ అట్టపెట్టె మీద అరవై ఐదని ఉన్నా గట్టిగా పని పడితే వంద దాటుతుందని. తన్నుడు హద్దు దాటితే డబ్బా తనని తాను ఆపేసుకుంటుందని, అది చెడిపోయి కాదు, బుద్ధిగా ఉండి ఆపుతుందని. నాలుగువందల యాభైది ఎప్పుడూ ఆయాసపడుతూ వేడెక్కుతుందని, ఏడువందల యాభైది అదే పనిని సగం బలంతో, చప్పుడు లేకుండా చేస్తుందని. "ఔర్ పాపా, వెయ్యి కూడా అక్కర్లేదు. మీది జ్యాదా" అని ఆయనకీ వడ్డించింది. ఆయన తల ఊపారు.

ఒక్కచోటా తడబడలేదు. ఆ రోజు బల్ల దగ్గర నేను చెప్పనివ్వనిది ఇదంతా.

"మీకు తెలుసు కదా, మీరైనా గట్టిగా చెప్పొచ్చుగా?" అని ఆయన మీద పడ్డాను. ఎవరో ఒకరి మీద పడాలి కదా.

"చెప్పేను కదా."

"ఒక్కసారి చెప్పారు."

"నువ్వు రెండోసారి చెప్పనిస్తావేటి?"

కూలర్ ముందు నుంచి మా అత్తగారు, "ఆడి బాబూ అంతే, ఒక్కపాలి సెప్పి ఊరుకునీవోడు. తర్వాత మనమే ఏడవాలి" అన్నారు. మూడు రోజుల్లో ఆవిడ నా పక్షాన మాట్లాడిన మొదటి మాట అది. కూలర్ గాలి మహిమ.

శుక్రవారం సాయంత్రం అమ్మాయి ఆఫీసు నుంచి రాగానే డబ్బా విప్పింది, ఇద్దరం స్కూటీ మీద దాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్లాం. ఇది తీసుకుని ఏడువందల యాభైది ఇమ్మన్నాను. తెరిచిన డబ్బా, వాడిన సరుకు, కంపెనీ ఒప్పుకోదు దీదీ అన్నాడు దుకాణదారు. నేను వాదించాను. అతను వినయంగా తల అడ్డంగా ఊపాడు. ఇంకా వాదించాను. చివరికి, "ఖరాబ్ హై క్యా? చెడిపోయిందంటే రాసిస్తాను, కంపెనీకి పంపుతాను, వాళ్లు మార్చి ఇస్తారు" అన్నాడు.

చెడిపోయిందనే మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మాటిమాటికీ ఆగిపోతోంది కదా, చెడిపోయిందనడానికి ఏం తక్కువ? ఆ ఒక్క మాటతో వాదన గెలుస్తాను. పైగా తప్పు డబ్బాది అవుతుంది. అమ్మాయి నా పక్కన నిలబడి ఉంది. కంపెనీకి పంపితే వారాలు పడుతుందని తర్వాత తోచింది గానీ, అప్పుడు నన్ను ఆపింది ఆ ఆలోచన కాదు. ఆ డబ్బా చేసిందల్లా శక్తికి మించిన బరువు మోపితే దించెయ్యడం. దాని మీద నేరం వెయ్యడానికి నాకు నోరు రాలేదు.

"ఖరాబ్ నహీ హై భయ్యా. గల్తీ మేరీ థీ. ఇసీనే సాడే సాత్ సౌ బోలా థా, మైనే సునా నహీ."

తప్పు నాదే, ఇది ముందే చెప్పింది, నేనే వినలేదు. కౌంటరు దగ్గర నలుగురున్నారు. ఆ నలుగురిలో ఒకాయన నా ట్యూషన్ పిల్లాడి తండ్రి.

దుకాణదారు నా పాఠాన్ని మర్చిపోలేదు. "మూడువందల ముప్పై ఐదు, ప్లస్ నూట పదిహేను మిగులు, హై నా దీదీ?" అని నవ్వాడు. అమ్మాయి ముందుకు వంగి అతనితో మాట్లాడింది. ఈ డబ్బా వారంన్నర మాత్రమే నడిచింది, బిల్లు ఉంది, వారంటీ ఉంది, మీ దగ్గరికి ఆఫీసు కంప్యూటర్లు బాగుచెయ్యడానికి వస్తాయి కదా, వాటికి ఇది సుఖంగా సరిపోతుంది, వాడినదని చెప్పే పెట్టండి అంది. తగ్గి మాట్లాడింది, ఎక్కడా బతిమాలలేదు. అతను డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్లి పెద్దది తెచ్చాడు. మధ్య తేడా ఎంత ఇచ్చుకున్నానో ఇక్కడ రాయను.

శనివారం స్విచ్‌కి అట్ట కట్టి, కొత్తది బిగించారు. ఈసారి మా ఆయన స్క్రూడ్రైవర్ నాకిచ్చి ఒక స్క్రూ బిగించమన్నారు. వంకరగా బిగించాను. అమ్మాయి విప్పి మళ్లీ బిగించింది.

ఆదివారం నాలుగింటికి ఇంట్లో కూలర్ నడుస్తోంది, ఫ్రిజ్ నడుస్తోంది, మా ఆయన పంతం కొద్దీ టీవీ కూడా వేసి చప్పుడు ఆపేశారు. మా అత్తగారు కూలర్‌కి ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. నేను గుమ్మంలో. అమ్మాయి మెడ నిటారుగా పెట్టి కూర్చుంది. మొదటిసారి తలుపు తన్నుకుని లోపలికి పోయినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. పేలుళ్లు వినబడ్డాయి. ఠప్ అన్నది రాలేదు. కళ్లు తెరిస్తే అది అప్పటికే రెండో గదిలో ఉంది.

మ్యాచ్ గంటా పది నిమిషాలు సాగింది. మూడు ఆటల్లో మొదటిది గెలిచారు, రెండోది పోయింది, మూడోది చివరి రౌండు దాకా లాగి పోయింది. మిషను ఒక్కసారీ ఆగలేదు. డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.

తర్వాత పావుగంట ఐదుగురూ కొట్టుకున్నారు. చివరి రౌండులో నువ్వు తొందరపడి దూరావని నాగపూర్ అమ్మాయి, మీరు వెనక ఆలస్యంగా వచ్చారని మా అమ్మాయి, నాకు సిగ్నలే ఇవ్వలేదని జబల్‌పూర్ అమ్మాయి. మిషను మాట ఎవరి నోటా రాలేదు. నేను టీ పట్టుకుని నిలబడి ఆ తిట్లన్నీ చల్లగా విన్నాను. చివరికి నాగపూర్ అమ్మాయి గొంతు వినబడింది: ఓడినవాళ్లకి ఇంకో అవకాశం ఉంది, పై ఆదివారం. మంగళవారం ఏడింటికి సాధన, ఐదుగురూ రావాలి. "తూ సబ్‌సే పెహలే ఆనా" అని మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పింది, అందరికంటే ముందు నువ్వు రావాలని.

"గెలిసీసేరేటే?" మా అత్తగారు కుర్చీలోంచి అరిచారు.

"లేదు మామ్మా."

"మరైతే ఆ పళ్లేటి, అన్నీ అగుపిస్తన్నాయి?"

అది హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుని టీ అందుకుంది. చివరి రౌండు నేనూ చూశాను కాబట్టి నాకూ ఒక అభిప్రాయం ఉంది. అది ఎడమ తలుపు నుంచి వెళ్లి ఉండాల్సింది. ఆ మాట చెప్పాను. అది ఒక గుక్క టీ తాగి, ఎడమ తలుపు వెనక ఇద్దరు కాచుకుని ఉన్న సంగతి తెర మీద వెనక్కి తిప్పి చూపించింది. ఒకసారి కాదు, నాకు ఇద్దరూ స్పష్టంగా కనబడేదాకా మూడుసార్లు చూపించింది.